కుంభేశ్వరరావుగారి చెవులు

ఒక పెద్ద అడవిలో సింహం ఉండేది అని మొదలుపెట్టడం మర్యాద. ఈ అడవిలోనూ సింహం ఉంది. కానీ దానికి పాటంటే తలనొప్పి, అందుకని ఈ కథలోకి రాదు. రాకపోవడమే దానికీ మనకీ మంచిది.

ఆ అడవిలో వనవాణి అని ఒక గానసభ ఉండేది. వెడల్పాటి బండ వేదిక, దాని ముందు జంతువులు కూర్చునే నున్నటి నేల, పక్కన జాంబయ్య అనే ఎలుగుబంటి నడిపే క్యాంటీన్. పక్షానికోసారి సాయంత్రం పూట కచేరీ జరిగేది.

సభలో మృదంగం పని చూసేవాడు దరువయ్య అనే వడ్రంగిపిట్ట. మృదంగం అంటే నిజం మృదంగం కాదు, తొర్రపోయిన టేకు మొద్దు. ముక్కుతో కుడివైపు కొడితే ఖంగుమనేది, ఎడమవైపు కొడితే గుమ్మనేది, మధ్యలో కొడితే ఏమంటుందో ఆ రోజు ఎండనీ వాననీ బట్టి ఉండేది. పాడేది మండోదరమ్మ అనే కప్ప. ఆవిడ గొంతు ఉబ్బించి ఒక్క స్వరం పట్టుకుందంటే వినేవాళ్ళకి ఊపిరాడేది కాదు. ఆవిడకి మాత్రం బాగానే ఆడేది.

వాళ్ళిద్దరూ ఊట దగ్గర కూర్చుని సాధన చేసేవాళ్ళు. సాధన అంటే అదేదో తపస్సు అనుకోకండి. దాగుడుమూతలు. మండోదరమ్మ ఒక చరణం ఎత్తుకుని చివరి మాట మింగేసేది, అది ఎక్కడ పడాలో దరువయ్య ముక్కుతో వెతికి పట్టుకోవాలి. దరువయ్య లెక్కంతా సరిగ్గా నడిపించి చివరి దెబ్బ వెయ్యకుండా బుద్ధిమంతుడిలా కూర్చునేవాడు, ఆవిడ ఆ దెబ్బ చోట ఒక స్వరం పెట్టాలి. ఒకరోజు పై కొమ్మ మీద కాకి గొంతు సవరించుకుంటే, మండోదరమ్మ ఆ ‘కా’ని కూడా లాగి రాగంలో కూర్చోబెట్టేసింది. కాకి నొచ్చుకుంది. ఇద్దరూ నవ్వలేక చచ్చారు.

“లెక్క తప్పకూడదు తమ్ముడూ. అది తెలిసినవాడికే ఆటాడే హక్కు,” అనేది మండోదరమ్మ.

సభలో మాత్రం ఈ ఆటలేవీ సాగేవి కావు. కారణం అధ్యక్షులు కుంభేశ్వరరావుగారు.

ఆయన ఏనుగు. అధ్యక్షులు గనక ముందు వరసలో, సరిగ్గా నడిమధ్యన కూర్చునేవారు. ఆయన వెనకాల ఎవరు కూర్చున్నా వేదిక కనపడదు, ఆయన చెవులు మాత్రమే కనపడతాయి. కచేరీ మొదలైన కాసేపటికి ఆయనకి నిద్ర పట్టేది. నిద్రలో ఆ చేటల్లాంటి చెవులు మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడేవి. వెనకవాళ్ళు వాటినే చూసి తొడల మీద తాళం వేసుకునేవాళ్ళు. కుడిచెవికి ఒక దెబ్బ, ఎడమచెవికి ఒక విసురు. అధ్యక్షులకి తెలియని తాళం మనకి తెలుస్తుందా అని వాళ్ళ నమ్మకం.

దాంతో వనవాణిలో ఏ పాటైనా నిద్రపోయే ఏనుగు నడకలోనే పాడాలి. పెళ్ళిపాటైనా అంతే, యుద్ధం పాటైనా అంతే.

ఇంకో ఆచారం కూడా ఉంది. కచేరీ మధ్యలో గాయకురాలు ఆగి, “ఇక నీ ఇష్టం” అని మృదంగానికి వదిలేసే ఘట్టం ఒకటుంటుంది. తని అంటారు. వాయించేవాడి ప్రాణమంతా అందులోనే ఉంటుంది. మండోదరమ్మ పాట ఆపి దరువయ్య వైపు తల తిప్పగానే సభంతా ఒక్కసారిగా లేచి క్యాంటీన్‌కి నడిచేది. ఆ వేళకి జాంబయ్య వేడివేడి ఇప్పపూల గారెలు దింపేవాడు. వాటి రుచి అలాంటిది, తప్పు పట్టడానికి లేదు.

దరువయ్య ఖాళీ నేలకీ, నిద్రపోతున్న ఏనుగుకీ తని వాయించేవాడు. గుడ్డు పగలగొట్టుకుని వచ్చినప్పటినుంచీ అతనికున్న కోరిక ఒక్కటే. ఒక్కసారి, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండగా, తని మొదటినుంచి చివరిదాకా వాయించాలి. ఆ తర్వాత ముక్కు విరిగిపోయినా ఫరవాలేదు అనుకునేవాడు.

ఇలా ఉండగా వానలు పడ్డాయి. వానల్లో వచ్చిన మొదటి కచేరీలో అధ్యక్షుల చెవుల్లో దోమలు దూరాయి.

మామూలుగా లోలకంలా ఆడే చెవులు ఆ సాయంత్రం చిత్రంగా ఆడాయి. కుడిచెవి టపటపా రెండు, కాసేపు ఏమీ లేదు, ఎడమచెవి ఒకటి, మళ్ళీ రెండూ కలిపి ఫట్టున ఒకటి. వెనకాల సభంతా కంగారుపడింది గాని పరువు కోసం అలాగే దెబ్బలు వేసింది. వేదిక మీంచి చూస్తే ఊరంతా కలిసి చింతపండు దంచుతున్నట్టుంది.

“తమ్ముడూ, కొంప మునిగింది. వీళ్ళు ఏ తాళంలో ఉన్నారు?” అంది మండోదరమ్మ, పెదవి కదపకుండా.

“దోమల తాళంలో ఉన్నారక్కా.”

“మరేం చేద్దాం?”

దరువయ్యకి ఊట గుర్తొచ్చింది. “ఊట దగ్గర కాకిని ఏం చేశాం? అదే చేద్దాం,” అన్నాడు.

ఇక చూడండి. చెవి ఎక్కడ కదిలితే అక్కడికి ఆవిడ స్వరాన్ని తెచ్చి పడేసింది. చెవి ఆగితే ఆ ఖాళీని దరువయ్య ముక్కుతో నింపాడు. రెండు చెవులూ ఫట్టున కొడితే, అది తాము ముందే అనుకున్నట్టు ఇద్దరూ దాని మీద వచ్చి వాలారు. లోపల అసలు లెక్క మాత్రం ఎక్కడా చెదరనివ్వలేదు. తని వచ్చింది. ఎవరూ లేవలేదు. చెవులు ఎప్పుడెటు కదులుతాయో తెలియక, లేస్తే తాళం తప్పిందని పక్కవాడు అనుకుంటాడని భయపడి, అందరూ నేలకి అతుక్కుపోయారు.

దరువయ్యకి కళ్ళు తడిశాయి. కన్నీళ్ళతోనే వాయించాడు.

కచేరీ కాగానే తలూపుల శాస్త్రిగారు లేచారు. ఈయన తొండ, సభకి ఆస్థాన విమర్శకులు. తల ఊపడం తొండలకి పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని విద్వత్తు అని మొదట పొరపడింది ఎవరో తెలియదు గాని, ఇప్పుడు ఆయన ఊపితే కచేరీ బాగున్నట్టు. ఆయన ఊపని రోజు లేదు.

“ఇది మామూలు తాళం కాదు,” అన్నారాయన తల ఊపుతూ. “పూర్వం ఉండి మధ్యలో లుప్తమైపోయిన కర్ణవ్యజన తాళం, అంటే చెవులతో విసిరే తాళం. అధ్యక్షులవారు నిద్రలో కూడా దాన్ని సాధిస్తున్నారంటే అది పూర్వజన్మ సుకృతం.”

కుంభేశ్వరరావుగారు అప్పుడే నిద్ర లేచారు. విషయం విని మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత ఆలోచించారు, ఆఖరికి నమ్మేశారు. “చిన్నప్పటినుంచీ వీడిలో ఏదో ఉందని మా అమ్మ అంటూనే ఉండేది,” అన్నారు.

సభ కార్యదర్శి జంబులింగం అనే నక్క. గాలి ఎటు వీస్తే అటు తోక పెట్టే మనిషి, అంటే నక్క. మర్నాటికల్లా కర్ణవ్యజన తాళానికి పాఠశాల తెరిచాడు. కుందేళ్ళు తమ పిల్లల్ని చెవులు పొడుగ్గా ఉన్నాయి గదా అని చేర్పించాయి. చెవులు కనపడని పాములు తమకి అన్యాయం జరిగిందని అర్జీ పెట్టుకున్నాయి. వార్షికోత్సవంలో అధ్యక్షులవారికి ‘తాళగజేంద్ర’ బిరుదు ఇవ్వాలని తీర్మానమైంది. పక్క అడవుల వాళ్ళని కూడా పిలిచారు.

ఊట దగ్గర మండోదరమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. దరువయ్య ఆవిడతో నవ్వాడు గాని లోపల సంతోషంగానే ఉన్నాడు. దోమలైతేనేం, ఏమైతేనేం, జనం కూర్చున్నారు గదా.

వార్షికోత్సవం నడివేసవిలో వచ్చింది. గుంటలన్నీ ఎండిపోయాయి, మందుకి వెతికినా దోమ లేదు. దానికి నాలుగు రోజుల ముందు జరిగిన చిన్న కచేరీలో కుంభేశ్వరరావుగారి చెవులు పాత నడకలోకి వచ్చేశాయి. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. తని మొదలవగానే సభ మళ్ళీ గారెలకి వెళ్ళిపోయింది.

జంబులింగం దరువయ్యని పక్కకి పిలిచాడు. “ఏమయ్యా, నిజం చెప్పు. వానాకాలంలో ఏం జరిగింది?”

“దోమలండి,” అన్నాడు దరువయ్య.

ఇంకెవరైనా అయితే తల పట్టుకునేవాళ్ళు. జంబులింగం తలకాయ ఊపి, “అంతేనా? ఇంకా నయం. నేను ప్రతిభేమో అనుకుని హడలిపోయాను. ప్రతిభ అయితే ఎక్కణ్ణుంచి తెస్తాం? దోమలైతే తెప్పించుకోవచ్చు,” అన్నాడు.

“ఎక్కణ్ణుంచండి?”

“ఊబిలో దొర్లే దున్నలున్నాయి గదా, వాటి చుట్టూ ఏ కాలంలోనైనా దోమలే. వెదురుబొంగు నిండా పట్టించి, మూత పెట్టి, అధ్యక్షులవారి పీట కింద ఉంచుతాను. అమ్మగారు పాట ఎత్తుకోగానే మూత లాగుతాను. నువ్వు నోరు మూసుకో, అంటే ముక్కు. నీ తని ఎంతసేపైనా వాయించుకో, ఒక్కడు లేవడు. బయటపెట్టావా, ఈ సభలో తని అనేదే ఉండదు.”

“అక్క కప్ప గదండీ,” అన్నాడు దరువయ్య మెల్లగా.

“కప్పేమిటయ్యా, విదుషి. పోయినేడు శాలువా కప్పాం గదా. అంత పెద్దావిడ దోమల జోలికి వస్తుందా?”

దరువయ్యకి ఇంకా చెప్పాలని ఉంది. కానీ కళ్ళ ముందు కూర్చున్న సభ కనపడింది. మండోదరమ్మకి కూడా చెప్పలేదు. ఊట దగ్గరికి వెళ్తే మొహం చూసి కనిపెట్టేస్తుందని ఆ నాలుగు రోజులూ వంక పెట్టి సాధనకే వెళ్ళలేదు. పాపం, ఆవిడేమో వేసవి మొదలైనప్పటినుంచీ అర్ధాకలితో ఉంది.

వార్షికోత్సవం సాయంత్రం నేల ఈనినట్టు జంతువులు వచ్చాయి. కుంభేశ్వరరావుగారికి మోదుగాకులు కుట్టిన శాలువా కప్పి తాళగజేంద్ర బిరుదిచ్చారు. ఆయన రెండు మాటలు మాట్లాడి, కూర్చుని, నిద్రపోయారు. మండోదరమ్మ శ్రుతి పట్టుకుంది. జంబులింగం మూత లాగాడు.

బొంగులోంచి దోమలు బుస్సున లేచాయి. అధ్యక్షుల చెవులు టపటపలాడాయి. “ఆహా, అదీ,” అని సభంతా ఉత్సాహంగా దెబ్బలు వేసింది. పక్క అడవుల వాళ్ళు నోళ్ళు తెరిచారు. అంతవరకు జంబులింగం అనుకున్నట్టే నడిచింది.

తర్వాత దోమలు వేదిక మీదికి వచ్చాయి.

మండోదరమ్మ రాగం మధ్యలో ఉంది. కళ్ళు మూసుకునే పాడుతుంది ఎప్పుడూ. ముక్కు ముందు జుయ్‌మని వినపడేసరికి ఒక కన్ను తెరిచింది. మూసేసింది. మళ్ళీ తెరిచింది. ఆవిడ చాలాసేపు నిగ్రహించుకుందనే చెప్పాలి. అంతలో ఒక బలిసిన దోమ వచ్చి పెదవి మీదే వాలింది. విదుషి కాసేపు పక్కకి తప్పుకుంది, కప్ప ముందుకొచ్చింది. నాలుక చటుక్కున బయటికొచ్చి లోపలికెళ్ళింది.

పాట మధ్యలో చిన్న ఖాళీ పడింది. దరువయ్య అలవాటు కొద్దీ దాన్ని నింపాడు.

“జిహ్వాస్ఫురితం,” అన్నారు తలూపుల శాస్త్రిగారు తల ఊపుతూ. “ఈ గమకం వినడం నా అదృష్టం.”

ఇంకో దోమ, ఇంకో ఖాళీ. పాట కంటే ఖాళీలు ఎక్కువయ్యాయి. చివరికి మండోదరమ్మ దరువయ్య వైపు వంగి, “తమ్ముడూ, తని అందుకో. నాకు కొంచెం పనుంది,” అంది.

దరువయ్య అందుకున్నాడు. ఈలోపు దోమలు సభంతా కమ్ముకున్నాయి. ఎవరి తొడ మీద వాళ్ళు, పక్కవాడి వీపు మీద ఇంకొకళ్ళు, ఫట్‌ఫట్‌మని కొడుతున్నారు. ఎవరూ లేవలేదు. లేస్తే బిరుదు ఇచ్చిన తాళాన్ని అవమానించినట్టు గదా. అటు దెబ్బ పడితే దరువయ్య ఇటు జవాబిచ్చాడు, ఇటు పడితే అటు ఇచ్చాడు. ఇంతమందితో దాగుడుమూతలు ఆడడం అతని జన్మలో అదే మొదలు. సంతోషంతో ఒళ్ళు జలదరించింది. వెంటనే సిగ్గు కూడా వేసింది. ఇంతమందిలో ఒక్కరూ తనని వినడం లేదు. అందరూ చెవులు చూస్తున్నారు, దోమల్ని చంపుతున్నారు. ఖాళీ నేల కూడా ఇంతకంటే శ్రద్ధగా వినేదేమో అనిపించింది.

మండోదరమ్మ వేదిక మీద దోమలన్నీ ముగించి ముందు వరసకి గెంతింది. అక్కడ ముగించి కుంభేశ్వరరావుగారి తొండం మీదికి, తొండం మీంచి నెత్తి మీదికి ఎక్కింది. కుడిచెవిలో దాక్కున్న ఆఖరి దోమని నాలుకతో లాగి మింగింది.

చెవులు ఆగిపోయాయి. సభలో చేతులన్నీ గాల్లో ఆగిపోయాయి.

కుంభేశ్వరరావుగారికి మెలకువ వచ్చింది. “ఏమిటమ్మా ఇది? బిరుదిచ్చిన రోజునే నెత్తికెక్కుతావా?”

“క్షమించండి. తమరి తాళం లోపలుంటే మింగేశాను,” అంది మండోదరమ్మ. పొట్ట తడుముకుని, నక్క వైపు తిరిగింది. “సెక్రటరీగారూ, విందు చాలా బాగుంది. పిలిచి పాడించుకునేవాళ్ళే గాని కళాకారులకి ఇంత తిండి పెట్టినవాళ్ళు లేరు. ఇంకో బొంగుందా?”

కుంభేశ్వరరావుగారు వంగి పీట కిందకి చూశారు. బొంగు కనపడింది. మా అమ్మ కూడా పొరపడిందన్నమాట అనుకున్నారేమో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత జంబులింగాన్ని తొండంతో ఎత్తిపట్టుకుని, శాలువా సర్దుకుని, ఊబి వైపు నడిచి వెళ్ళిపోయారు. నక్కని అక్కడ మెడలోతున ముంచి, “దోమల సరఫరా నువ్వే చూసుకో,” అన్నారట. దోమలు కూడా అతన్ని బాగానే చూసుకున్నాయట.

ఇక్కడ సభలో ఒక విచిత్రం జరిగింది. కొండలాంటి అధ్యక్షులు లేచిపోయేసరికి వెనకవాళ్ళకి మొదటిసారి వేదిక కనపడింది.

“ఓలమ్మా,” అంది ఆఖరి వరసలో ముసలి ముళ్ళపంది. “ఇన్నేళ్ళూ టకటకలాడింది ఆ పిట్టా? సభవాళ్ళు ఏదో మరమ్మతు చేయిస్తున్నారనుకున్నాను.”

దరువయ్య ముక్కు ఆపాడు గాని లోపల లెక్క ఆపలేదు. ఏనుగు లేచి వెళ్ళిపోయినా, నక్క కుయ్యోమన్నా, ఆ లెక్క అలా నడుస్తూనే ఉంది. సరిగ్గా దాని చోటుకి అది రాగానే మళ్ళీ అందుకున్నాడు. చూడ్డానికి చెవులు లేవు, కొట్టడానికి దోమలు లేవు. ఏం చెయ్యాలో తోచక జనం విన్నారు.

తని చివర ముక్తాయింపు అని ఒకటి వాయిస్తారు. ఒకే వరసని మళ్ళీ మళ్ళీ వాయించి, పాట మొదటి దెబ్బ మీద వచ్చి వాలడం. దరువయ్య దాన్ని మొదట మామూలుగా వాయించాడు. మళ్ళీ వాయిస్తూ ఒక దెబ్బ దాచాడు. ఆఖరిసారి రెండు దాచాడు. ఎవరికీ చెప్పలేదు గాని, దాచినచోట ఏదో ఉండాలని సభలో అందరికీ తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే కొమ్మ మీద కాకి గొంతు సవరించుకుంది. “కా” అని ఆ ఖాళీలోనే పడింది. మండోదరమ్మ పకపకా నవ్వింది. దరువయ్య చివరి దెబ్బ వేశాడు. ఎవరూ ఎవరినీ చూడకుండా, సభలో ఉన్న చేతులన్నీ ఆ దెబ్బ మీదే తొడలకి తగిలాయి.

ఆ చప్పుడు విని దరువయ్య మొద్దు మీదే కూలబడ్డాడు.

“కడుపు నిండిందా?” అని అడిగింది మండోదరమ్మ.

“నిండిందక్కా. నీకు ముందే చెప్పాల్సింది.”

“చెప్పుంటే ఆ బొంగు ముందే ఖాళీ చేసేదాన్ని. కచేరీ చప్పగా ఉండేది,” అంది ఆవిడ.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ అది సభ, కథ కాదు.

మర్నాడు తలూపుల శాస్త్రిగారు తన విమర్శలో, నిన్నటి తని అద్భుతమనీ, ఘనత అంతా బొంగుదనీ తేల్చారు. కార్యదర్శి పదవి ఖాళీ అయింది గనక ఆయనే తీసుకున్నారు. ముందు వరస బోసిపోయిందని కుంభేశ్వరరావుగారిని బతిమాలి, ఇంకా ఎత్తైన పీట వేసి కూర్చోబెట్టారు. ఆయన నిద్రపోయారు. చెవులు ముందుకీ వెనక్కీ ఆడాయి. సభ హాయిగా ఊపిరి పీల్చుకుని వాటిని చూసి తాళం వేసుకుంది. సొంతంగా లెక్క పెట్టుకోవడం చాలా శ్రమ అని ఆ ఒక్క సాయంత్రంతోనే వాళ్ళకి అర్థమైపోయింది.

తని రాగానే అందరూ లేచి క్యాంటీన్‌కి వెళ్ళారు. అక్కడ పొయ్యి ఆరిపోయి ఉంది, గారెలు లేవు. జాంబయ్య కూడా లేడు.

వార్షికోత్సవం నాడు తని సమయానికి ఒక్కడూ రాకపోతే, ఏమైందా అని జాంబయ్య గరిటెతో సహా సభలోకి తొంగిచూశాడు. ఇన్నేళ్ళూ ఆ వేళకి గారెలు దింపుతూ తని అనేది ఒకటుందని కూడా అతనికి తెలియదు. ఆ రోజు విన్నాడు. అప్పటినుంచి తని మొదలవగానే పొయ్యి ఆర్పి లోపలికి వచ్చేస్తాడు. అడవంతా క్యాంటీన్ ముందు నిలబడి గారెల కోసం ఎదురు చూస్తుంటుంది. గారెలు చేసేవాడు ఖాళీ సభలో, ఏనుగుకి పక్కగా జరిగి కూర్చుని, నూనె చేత్తో మోకాలి మీద తాళం వేస్తుంటాడు. అప్పుడప్పుడు తప్పుతాడు. తప్పినప్పుడు దరువయ్య ఒక దెబ్బ దాచి, అతన్ని చెయ్యిపట్టి మళ్ళీ దారిలోకి తెస్తాడు. ఇద్దరూ నవ్వుకుంటారు.

నీతి: సంగీతం వినడానికి చెవులుంటే చాలు; అవి మనవే అయితే ఇంకా మంచిది.